మేడ మీది కరెంటుకు చట్టం అండ: సూర్యఘర్ దరఖాస్తుకు ముందూ తరువాతా చేయవలసిన పనులు

ఇంటి మేడ మీద సౌర ఫలకాలు పెట్టించుకోవాలనుకున్నవారు మొదట ధర అడుగుతారు, ఆ వెంటనే కేంద్రం సూర్యఘర్ పథకం కింద రాయితీ ఎంత వస్తుందని అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలూ అవసరమైనవే గాని, వాటికన్నా ముందు ఇంటి కరెంటు బిల్లు తీసి చదవాలి. ఆ తరువాత ఈ వ్యవహారాన్ని నడిపించే చట్టమేదో, నియమావళి ఏదో, పథకమేదో విడివిడిగా తెలుసుకోవాలి. వాడుకలో ఈ మూడింటినీ కలిపి 'సోలార్ స్కీము' అని ఒకే మాటతో చెప్పుకుంటాం. అలా కలిపివేయడం వల్ల రాయితీ ఆలస్యమైతే హక్కే పోయిందని బెంగపడేవారూ, హక్కుగా అడగవలసిన చోట బతిమాలుకునేవారూ కనిపిస్తుంటారు. పథకానికి గడువుంటుంది, కేటాయించిన సొమ్ము అయిపోతే ఆగిపోతుంది. చట్టం కింద వచ్చిన నియమం అలా ఆగదు. ఏ మాట ఏ కాగితంలో ఉందో తెలిస్తే ఏ గుమ్మం దగ్గర ఏమి అడగాలో కూడా తెలుస్తుంది.

మూడు కాగితాలు

అన్నింటికీ మూలం 2003 జూన్ 10న అమలులోకి వచ్చిన విద్యుత్ చట్టం, 2003. విద్యుత్తు మన రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలోని 38వ అంశం కనుక, కేంద్రం చట్టం చేసినా రేట్లూ మీటరింగు వివరాలూ రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి చేతిలో ఉంటాయి. ఆ చట్టంలోని సెక్షన్ 86(1)(ఇ) రాష్ట్ర మండలికి రెండు పనులు అప్పగించింది: పునరుత్పాదక వనరుల నుంచి పుట్టే కరెంటును గ్రిడ్డుకు కలిపే ఏర్పాటు చేయడం ఒకటి, ప్రతి విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) తన ప్రాంతపు మొత్తం వినియోగంలో ఇంత శాతం అటువంటి కరెంటునే కొనాలని నిర్దేశించడం రెండోది. టారిఫ్ నిర్ణయించేటప్పుడు కూడా పునరుత్పాదక ఉత్పత్తిని ప్రోత్సహించే దృష్టి ఉండాలని సెక్షన్ 61 చెబుతుంది.

ఈ శాతాల సంగతి ఇంటి యజమానికి ఎందుకని అనిపించవచ్చు. ఇంధన పొదుపు చట్టం, 2001ని 2022లో సవరించిన తరువాత, కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2023 అక్టోబరు 20న ఇచ్చిన నోటిఫికేషన్‌లో పునరుత్పాదక వాటా 2024-25లో 29.91 శాతంతో మొదలై 2029-30 నాటికి 43.33 శాతానికి చేరాలని నిర్ణయించింది. అందులో చిన్న చిన్న కేంద్రాల నుంచి, అంటే మేడల మీద పుట్టే కరెంటు వంటి వాటి నుంచి, రావలసిన భాగాన్ని వేరుగా చూపించి, దానిని 1.5 శాతం నుంచి 4.5 శాతానికి పెంచుకుంటూ పోవాలని చెప్పింది. కాబట్టి మీ ఇంటి మీది ఫలకాలు డిస్కంకు తలనొప్పి మాత్రమే కావు, దాని లెక్కలో జమ కూడా. మీ ప్రాంతపు డిస్కం సెక్షన్ కార్యాలయంలో మీ కాగితం కదలనప్పుడు ఈ విషయం గుర్తుంటే మాట్లాడే తీరు మారుతుంది.

రెండో కాగితం విద్యుత్ (వినియోగదారుల హక్కుల) నియమావళి, 2020. ఆ ఏడాది డిసెంబరు 31న వెలువడిన ఈ నియమావళే, కరెంటు వాడుకుంటూ తానే పుట్టించే ఇంటివారిని మొదటిసారిగా ఒక ప్రత్యేక వర్గంగా గుర్తించి, వారికి మామూలు వినియోగదారుల హక్కులన్నీ అలాగే ఉంటాయని స్పష్టం చేసింది. అయితే నెట్ మీటరింగు, అంటే గ్రిడ్డు నుంచి తీసుకున్న యూనిట్లలోంచి గ్రిడ్డుకు పంపినవి తీసివేసి బిల్లు వేసే పద్ధతి, మొదటి పాఠంలో 10 కిలోవాట్ల వరకే అన్నారు. పరిశ్రమలూ వ్యాపారులూ గట్టిగా అభ్యంతరం చెప్పిన మీదట 2021 జూన్ 28న సవరించి, 500 కిలోవాట్లు లేదా మంజూరైన లోడు (బిల్లు మీది కాంట్రాక్టెడ్ లోడు), వీటిలో ఏది తక్కువైతే అంత వరకు అనుమతించారు.

ఇంటివారికి నిజంగా పనికివచ్చే మార్పు 2024 ఫిబ్రవరి సవరణతో వచ్చింది. దాని ప్రకారం 10 కిలోవాట్ల లోపు దరఖాస్తుకు సాంకేతిక సాధ్యత పరిశీలన అక్కరలేదు. అన్ని వివరాలూ సరిగా ఉంటే అది ఆమోదం పొందినట్లే లెక్క. లోడు పెంచవలసి వస్తే ఆ పని డిస్కమే చేయాలి. 10 కిలోవాట్లు దాటినవాటికి పరిశీలన గడువు 20 రోజుల నుంచి 15 రోజులకు తగ్గింది, ఆ గడువులో తేల్చకపోతే ఆమోదించినట్లే. ఫలకాలు బిగించాక డిస్కం వాటిని గ్రిడ్డుకు కలిపి నడిపించవలసిన గడువు 30 రోజుల నుంచి 15 రోజులకు దిగింది. 5 కిలోవాట్ల వరకు వ్యవస్థ కోసం ట్రాన్స్‌ఫార్మరునో లైనునో బలపరచవలసి వస్తే ఆ ఖర్చు డిస్కందే తప్ప మీది కాదు. ఈ చివరి మాటను ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలని చెబుతాను. ట్రాన్స్‌ఫార్మరు మీద లోడు ఎక్కువగా ఉందని, కొత్తది వేయాలంటే ఖర్చవుతుందని నోటిమాటగా చెప్పి పంపించే సందర్భాలు ఉంటాయి; 3 కిలోవాట్ల ఇంటికి ఆ మాట వర్తించదు.

మూడో కాగితం పథకం. పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజనను 2024 ఫిబ్రవరి 13న ప్రారంభించి, అదే నెల 29న 75,021 కోట్ల రూపాయలతో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. కోటి ఇళ్లు లక్ష్యం, 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు గడువు. రాయితీ మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడో కిలోవాటుకు 18,000. అంటే ఎంత పెద్ద వ్యవస్థ పెట్టుకున్నా 78,000 దాటదు. ప్రభుత్వం వేసుకున్న ప్రామాణిక ధరలో మొదటి 2 కిలోవాట్లకు 60 శాతం, ఆ పై కిలోవాటుకు 40 శాతం అన్న లెక్క నుంచి ఈ అంకెలు వచ్చాయి. మూడో కిలోవాటుకు రాయితీ ఎందుకు తగ్గిందో ఆలోచిస్తే, పథకం ఎవరిని ఉద్దేశించిందో తెలుస్తుంది: నెలకు 200, 300 యూనిట్లు వాడే మధ్యతరగతి ఇంటిని.

బిల్లు మీది పేరు

నియమావళిలో 'అన్ని వివరాలూ సరిగా ఉన్న దరఖాస్తు' అన్న మాటలోనే కిటుకంతా ఉంది. వివరాలలో లోపముంటే గడువు లెక్క మొదలే కాదు. లోపం తరచు ఎక్కడ ఉంటుందంటే, బిల్లు మీది పేరులో.

మా పెదనాన్నగారి ఇంటి సర్వీసు మా తాతయ్య పేరు మీద ఉండేది. తాతయ్య పోయి చాలా ఏళ్లయినా బిల్లు ఠంచనుగా ఆయన పేరుతోనే వచ్చేది, పెదనాన్న కట్టేవారు, ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. సోలారు పెట్టించే వెండరు కూడా పేరు సంగతి తరువాత చూసుకోవచ్చని ధైర్యం చెప్పాడు. ఫలకాలు బిగించారు, మీటరు మారింది, ఇక రాయితీ కోసం బ్యాంకు ఖాతా వివరాలు ఎక్కించేసరికి సర్వీసు ఒకరి పేరున, ఖాతా మరొకరి పేరున ఉన్నాయి. అప్పుడు మొదలయింది తిరుగుడు. మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల నిరభ్యంతర పత్రం, ఇంటి పన్ను రసీదు, అఫిడవిట్ పట్టుకుని పేరు మార్పుకు దరఖాస్తు పెట్టి, అది పూర్తయ్యాక మళ్లీ పోర్టల్‌లో సరిచేయించుకునేసరికి ఒక ఎండాకాలం గడిచిపోయింది. ఇందులో ఎవరూ లంచమడగలేదు, ఎవరూ అడ్డుపడలేదు, వరుస తప్పిందంతే.

కాబట్టి మొదటి పని పేరు మార్పు. ఆధార్‌లో, బ్యాంకు పాసు పుస్తకంలో, కరెంటు బిల్లులో పేరు ఒకే తీరుగా ఉందో లేదో అక్షరం అక్షరం చూసుకోవాలి. మన ఇంటిపేర్లు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉండటం మామూలే గాని, కంప్యూటరుకు ఆ మామూలు తెలియదు. ఇంటి కప్పు మీద హక్కు ఎవరిదో చూపించే కాగితం కూడా అదే పేరు మీద ఉంటే మంచిది. బిల్లు మీది కాంట్రాక్టెడ్ లోడు ఎంతో, సింగిల్ ఫేజా త్రీ ఫేజా అన్నది కూడా అప్పుడే రాసి పెట్టుకోవాలి.

ఎన్ని కిలోవాట్లు

గడచిన 12 నెలల యూనిట్లను వరుసగా రాసి సగటు తీయాలి. ఒక్క మే నెల బిల్లు చూసి నిర్ణయం తీసుకోవడం, పండుగ నాటి ఖర్చు చూసి ఏడాది బడ్జెట్ వేసుకోవడం వంటిదే. మన ప్రాంతంలో ఒక కిలోవాటు వ్యవస్థ రోజుకు సగటున 4 యూనిట్లు, నెలకు సుమారు 120 యూనిట్లు ఇస్తుందని లెక్క వేసుకోవచ్చు. వానాకాలంలో తగ్గుతుంది, మార్చిలో ఏప్రిల్‌లో పెరుగుతుంది. కిలోవాటుకు దాదాపు 100 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి.

ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 300 యూనిట్లు వాడే ఇంటిని తీసుకుందాం. అక్కడి శ్లాబుల్లో మొదటి 30 యూనిట్లకు 1.90, ఆ పై 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6 రూపాయలు, 400 వరకు 8.75 చొప్పున వేస్తే యూనిట్ల చార్జీ సుమారు 1,673 రూపాయలవుతుంది. 2 కిలోవాట్ల వ్యవస్థ 240 యూనిట్లు పుట్టిస్తే మిగిలేవి 60. వాటికి 147 రూపాయలు. స్థిర చార్జీ, విద్యుత్ సుంకం, సర్దుబాటు చార్జీలు వేరుగా ఉంటాయనుకోండి, అయినా యూనిట్ల మీదే 1,526 రూపాయలు తగ్గినట్లు. ముందుగా తెగిపోయేవి పై శ్లాబులోని ఖరీదైన యూనిట్లు కావడం వల్ల ఇంత మిగులుతుంది.

ఇప్పుడు అదే ఇంటికి 3 కిలోవాట్లు పెడితే ఏమవుతుందో చూడండి. 360 యూనిట్లు పుడతాయి. మిగిలిన 147 రూపాయలు కూడా పోయి, 60 యూనిట్లు గ్రిడ్డుకు మిగులుతాయి. మిగులు యూనిట్లకు మండలి నిర్ణయించిన రేటు వస్తుంది గాని, అది మీరు పై శ్లాబులో చెల్లించే రేటంత ఉంటుందని ఆశించకూడదు. మూడో కిలోవాటుకు రాయితీ కూడా తక్కువే. '78,000 పూర్తిగా వాడుకోవాలి కదా' అని వెండరు చెప్పే మాట ఈ ఇంటికి నష్టదాయకం. ఏడాది రెండేళ్లలో ఏసీ కొనాలనో, విద్యుత్ స్కూటరు తీసుకోవాలనో ఉంటే సంగతి వేరు. అప్పుడు మూడో కిలోవాటు తప్పక పెట్టించుకోవచ్చు.

తెలంగాణలో శ్లాబుల పద్ధతి వేరు. నెల వాడకం 200 యూనిట్లు దాటితే మొదటి యూనిటు నుంచే పెద్ద రేటు పడుతుంది కనుక, 250, 280 వాడే ఇళ్లకు సోలారు బాగా గిట్టుబాటవుతుంది. కాని గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు అందుకుంటున్న కుటుంబం తన డబ్బు పెట్టి ఫలకాలు బిగించుకుంటే లెక్క ప్రకారం వచ్చేది తక్కువ. ఆ ఇంటివారు తొందరపడనవసరం లేదని నా అభిప్రాయం. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు ఉచితంగా పెట్టించే ఏర్పాటు, బీసీ కుటుంబాలకు కేంద్ర రాయితీ పైన అదనంగా 20,000 రూపాయల వరకు రాష్ట్ర సాయం ఉన్నాయి కాబట్టి, ఆ వర్గాల వారు సొంతంగా వెండరుతో బేరం కుదుర్చుకునే ముందు డిస్కం కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

స్వదేశీ సెల్లు అంటే ఏమిటి

రాయితీకి పెట్టిన షరతుల్లో ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. ఫలకం మన దేశంలో తయారైతే చాలదు, దానిలోని సెల్లు కూడా మన దేశంలోనే తయారై ఉండాలి. ఫలకాన్ని దగ్గరగా చూస్తే గాజు కింద నల్లగానో ముదురు నీలంగానో చిన్న చిన్న చతురస్రాలు వరుసగా కనిపిస్తాయి; అవే సెల్లు, కరెంటు పుట్టేది వాటిలోనే. చైనా నుంచి సెల్లు తెప్పించి, ఇక్కడ తీగలతో అతికి, గాజు పెట్టి, చట్రం బిగించిన ఫలకం మీద 'మేడ్ ఇన్ ఇండియా' అని న్యాయంగానే రాసుకోవచ్చు. కాని అది సూర్యఘర్ రాయితీకి పనికిరాదు. వెండర్ల భాషలో సెల్లు కూడా స్వదేశీవైన ఫలకాన్ని 'డీసీఆర్' అంటారు, బయటి సెల్లతో చేసినదాన్ని 'నాన్ డీసీఆర్' అంటారు. నాన్ డీసీఆర్ చౌక. వెండరు ఇచ్చిన కొటేషను పక్కవాళ్లది కన్నా చాలా తక్కువగా ఉంటే మొదట అడగవలసిన ప్రశ్న ఇదే.

దీనితో పాటు ప్రభుత్వం ఆమోదించిన మోడళ్ల, తయారీదారుల జాబితా ఒకటి ఉంది. దీనిని ఏఎల్ఎంఎం అంటారు. 2019 జనవరి 2న వచ్చిన ఉత్తర్వు ఇది. కొంతకాలం పక్కనపెట్టి 2024 ఏప్రిల్ 1 నుంచి మళ్లీ అమలు చేశారు. ఆ జాబితా ఫలకాలకు సంబంధించినది. సెల్లకు కూడా ఇటువంటి రెండో జాబితా తెస్తూ 2024 డిసెంబరులో ఇచ్చిన ఉత్తర్వు 2026 జూన్ 1ని అమలు తేదీగా నిర్ణయించింది. ఫలకం జాబితాలో ఉండటం, సెల్లు స్వదేశీ కావడం రెండు వేరు వేరు సంగతులని గుర్తుంచుకోవాలి. జాబితా చూపించి స్వదేశీ అని నమ్మించబోయే వారుంటారు.

ఈ స్వదేశీ షరతుకు ఒక పాత చరిత్ర ఉంది. జాతీయ సౌర మిషన్ తొలి రోజుల్లో ఇలాంటి షరతే పెడితే అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేసి, 2016లో గెలిచింది. ఇప్పుడీ షరతు ప్రభుత్వ సొమ్ముతో నడిచే పథకాలకు అతుక్కుని ఉండటంలో ఆ అనుభవపు నీడ ఉందని నాకనిపిస్తుంది.

సరిచూసుకోవడం కష్టమేమీ కాదు. ప్రతి ఫలకానికీ వెనుకవైపు వరుస సంఖ్యతో ఒక చీటీ అతికించి ఉంటుంది. ఫలకాలు మేడ ఎక్కించక ముందే, అంటే గోడకు ఆనించి నిలబెట్టినప్పుడే, ఒక్కొక్క చీటీని ఫొటో తీసుకోవాలి. ఒకసారి చట్రానికి బిగించాక వెనుకవైపుకు దూరి చదవాలంటే మెడ విరుగుతుంది. ఆ సంఖ్యలను గురుగ్రామ్‌లోని జాతీయ సౌర శక్తి సంస్థ నిర్వహించే డీసీఆర్ పోర్టల్‌లో సరిచూడవచ్చు. బిల్లులో కూడా వరుస సంఖ్యలు రాయించుకోవాలి.

దరఖాస్తు, వెండరు, ఒప్పందం

సూర్యఘర్ జాతీయ పోర్టల్‌లో రాష్ట్రం, డిస్కం, సర్వీసు నంబరు ఇచ్చి, ఫోనుకు వచ్చే ఓటీపీతో నమోదు కావాలి. తెలంగాణ వారు బిల్లు మీది యూఎస్‌సీ (యునిక్ సర్వీస్ కనెక్షన్) నంబరు వాడాలి. నమోదు సొంత ఫోను నంబరుతో చేయాలి. వెండరు తన నంబరుతో చేసిపెడతానంటే వద్దనండి. ఆ తరువాత దరఖాస్తు ఎక్కడ ఆగిందో మీకు తెలియదు, వెండరును మార్చుకుందామన్నా తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. 10 కిలోవాట్ల లోపు కనుక ఆమోదం వెంటనే కనిపించాలి. అప్పుడు నమోదైన వెండర్ల జాబితా నుంచి ఒకరిని ఎంచుకోవచ్చు. కనీసం ముగ్గురి దగ్గర కొటేషను తీసుకుని, మూడింటిలోనూ ఫలకాల వాట్లు, వాటి కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టరు కంపెనీ, స్టాండు ఎత్తు, తీగ మందం ఒకేలా అడిగితేనే ధరలు పోల్చడానికి వీలవుతుంది. సౌర పరికరాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం బదులు 5 శాతమైంది. పరికరాలూ బిగింపూ కలిపి ఒకే ఒప్పందమైతే విలువలో 70 శాతాన్ని సరుకుగా, 30 శాతాన్ని సేవగా లెక్కిస్తారు కనుక మొత్తం మీద 8.9 శాతం పడుతుంది. పాత లెక్కతో 13.8 శాతం వేసిన కొటేషను ఇంకా తిరుగుతుంటే సరిచేయించుకోవాలి.

ఒప్పందంలో 5 ఏళ్ల నిర్వహణ బాధ్యత వెండరుదేనని స్పష్టంగా ఉండాలి. రాయితీ నేరుగా మీ ఖాతాలో పడుతుంది. అందువల్ల వెండరుకు పూర్తి ధర మీరే చెల్లించాలి. మొత్తం ముందే ఇవ్వకుండా, సరుకు దిగినప్పుడు కొంత, బిగించాక కొంత, నెట్ మీటరు తిరిగాక మిగతాది అని రాసుకోవడం మేలు. చేతిలో డబ్బు లేకపోతే 3 కిలోవాట్ల వరకు వ్యవస్థకు 2 లక్షల రూపాయల దాకా పూచీకత్తు లేకుండా బ్యాంకులు అప్పు ఇస్తాయి. వడ్డీ రిజర్వు బ్యాంకు నిర్ణయించే రెపో రేటుతో ముడిపడి ఉంటుంది. దరఖాస్తు జనసమర్థ్ పోర్టల్ ద్వారా పెట్టుకోవచ్చు.

బిగించే రోజు మేడ మీద మీరుండాలి. నీడ సంగతి ముందే చూసుకుని ఉండాలి: మన ప్రాంతంలో చలికాలపు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణంగా వాలి ఉంటాడు కాబట్టి నీళ్ల ట్యాంకు, మెట్ల గది నీడలు ఉత్తరం వైపు సాగుతాయి. వేసవిలో చూసి ఖాళీ అనుకున్న చోటు డిసెంబరులో నీడలో పడుతుంది. ఫలకాలను వరుసగా ఒకే తీగ మీద కలుపుతారు కనుక, ఒక్క ఫలకం మీద నీడ పడినా ఆ వరుస మొత్తం మందగిస్తుంది. అందుకే ట్యాంకుకు దక్షిణం వైపు చోటు వెతకాలి. తీరప్రాంతం వారు స్టాండు విషయంలో రాజీపడకూడదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు మేడల మీది రేకులూ హోర్డింగులూ ఏమయ్యాయో చూసినవారికి నేను వివరించనక్కరలేదు. జింకు పూత పట్టించిన ఇనుప స్టాండు, స్లాబులోకి దిగిన గట్టి బిగింపు ఉండాలి. ఎర్తింగ్ గోతులు విడివిడిగా మూడు ఉంటాయి: ఫలకాల వైపు ఒకటి, ఇంటి కరెంటు వైపు ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి. మూడింటికీ కలిపి ఒకే గొయ్యి చాలనేవారి మాట వినవద్దు.

మరొక సంగతి ముందే తెలియకపోతే తరువాత నిరాశ కలుగుతుంది. గ్రిడ్డుతో కలిసి నడిచే ఇన్వర్టరు, వీధిలో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ మండుతున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు మీ మేడ మీది కరెంటు తగలకుండా చేసిన రక్షణ ఇది. కోత సమయంలో కూడా కరెంటు కావాలంటే బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టరు పెట్టుకోవాలి, దానికి అదనపు ఖర్చవుతుంది.

అపార్ట్‌మెంటులో ఉండేవారికి సొంత కప్పు ఉండదు గాని, సంఘం పేరున లిఫ్టు, నీళ్ల మోటారు, ఆవరణ దీపాల వంటి ఉమ్మడి అవసరాలకు పెట్టించుకుంటే కిలోవాటుకు 18,000 చొప్పున, ఇంటికి 3 కిలోవాట్ల లెక్కన, 500 కిలోవాట్ల వరకు రాయితీ ఉంది. సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి పెట్టుకోవాలి.

గడువు దాటితే

బిగింపు పూర్తయిన వివరాలను వెండరు పోర్టల్‌లో ఎక్కించిన తేదీ మీకు ముఖ్యం. నియమావళిలోని 15 రోజుల మాట మీరు వాడుకోవలసింది ఇక్కడే కనుక, ఆ తేదీ కనిపించే తెరను ఫొటో తీసి ఉంచుకోవాలి. గడువు దాటితే ముందు డిస్కం సెక్షన్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) రాతపూర్వకంగా, సర్వీసు నంబరూ దరఖాస్తు సంఖ్యా వేసి, వినియోగదారుల హక్కుల నియమావళిని పేరుతో ప్రస్తావిస్తూ అర్జీ ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోవాలి. 1912కు ఫోను చేసి ఫిర్యాదు సంఖ్య తీసుకోవడం కూడా రికార్డుకు పనికివస్తుంది. అప్పటికీ కదలకపోతే విద్యుత్ చట్టం సెక్షన్ 42(5) కింద ప్రతి డిస్కం ఏర్పాటు చేయవలసిన వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, అంటే సీజీఆర్ఎఫ్, ఉంది. వకీలు అక్కరలేదు, తెల్ల కాగితం మీద తెలుగులో రాసిచ్చినా తీసుకుంటారు. ఫిర్యాదు తేల్చడానికి నియమావళి 45 రోజుల గరిష్ఠ గడువు పెట్టింది. వేదిక తీర్పు నచ్చకపోతే సెక్షన్ 42(6) కింద విద్యుత్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు.

రాయితీ ఆలస్యానికి మాత్రం ఈ దారి పనికిరాదు, ఎందుకంటే అది డిస్కం సేవాలోపం కాదు, పథకం సంగతి. పనంతా పూర్తయి బ్యాంకు వివరాలు ఇచ్చాక 30 రోజుల్లో సొమ్ము పడాలన్నది పథకం ఇచ్చిన మాట. పడకపోతే పోర్టల్‌లోనే ఫిర్యాదు పెట్టాలి. దానికి ముందు ఖాతా పేరు, వరుస సంఖ్యలు మరొకసారి చూసుకోవాలి.

మొదటి బిల్లు చదవడం

నెట్ మీటరులో రెండు లెక్కలుంటాయి: గ్రిడ్డు నుంచి ఇంట్లోకి వచ్చిన యూనిట్లు, ఇంటి నుంచి గ్రిడ్డుకు వెళ్లిన యూనిట్లు. మీటరు పెట్టిన రోజునే రెండు రీడింగులూ ఫొటో తీసుకోవాలి. పైన చెప్పిన 300 యూనిట్ల ఇంటినే తీసుకుంటే, నెలాఖరున ఇన్వర్టరు యాప్‌లో 240 యూనిట్లు పుట్టినట్లు, మీటరులో 150 బయటికి వెళ్లినట్లు, 210 లోపలికి వచ్చినట్లు కనిపించిందనుకోండి. పుట్టిన 240లో 150 బయటికి పోగా 90 యూనిట్లు పగటిపూట ఇంట్లోనే ఖర్చయ్యాయి; ఆ 90కి గ్రిడ్డు నుంచి వచ్చిన 210 కలిపితే ఇంటి మొత్తం వాడకం 300. బిల్లు వేయవలసింది 210 నుంచి 150 తీసివేయగా మిగిలిన 60 యూనిట్లకు. మొదటి నెల బిల్లు 210 యూనిట్లకు వచ్చిందంటే ఎగుమతి రీడింగు కంప్యూటరులోకి ఎక్కలేదన్నమాట. ఇది కొత్త మీటర్ల విషయంలో జరిగే పొరపాటే. బిల్లు కట్టే గడువు లోపే రెండు ఫొటోలూ జతచేసి రెవెన్యూ కార్యాలయంలో ఇస్తే సవరించిన బిల్లు ఇస్తారు. పాత మీటరు తీసివేసిన రోజు చివరి రీడింగు ఎంత వేశారన్నది కూడా ఆ బిల్లులోనే చూసుకోవాలి.